పదమూడా, పదిహేనా

26 డిసెంబరు 2021, ఆదివారం

జనవరి మూడు నుంచి పదిహేనేళ్ళు నిండిన పిల్లలకు టీకా వేస్తారట. పొద్దున్న కాఫీ దగ్గర కామేష్ పేపరు చదివి వినిపించాడు. నా పేపరు నాకే చదివి వినిపించడం నా కొడుక్కి అలవాటు. గరివిడి ఫ్యాక్టరీలో ఇరవయ్యేళ్ళుగా కొలిమి దగ్గర అరిచి అరిచి వాడి గొంతు ఇంట్లో కూడా తగ్గదు. కోడలు దుర్గాభవాని గరిటె పట్టుకునే వంటింట్లోంచి వచ్చింది. మన పిల్లకి మొన్న నవంబరు ఇరవై మూడుకి పదిహేను నిండాయి కదా అంది. చాలా రోజులకు ఆ మనిషి మొహం తేటగా కనిపించింది.

గౌతమికి ఊపిరితిత్తులు మొదటినుంచీ బలహీనం. ఐదో ఏట ఆయాసంతో ఏడాది పొడుగునా ఆసుపత్రుల చుట్టూ తిప్పాం. అందుకే బళ్ళో ఆలస్యంగా చేరింది, అందుకే ఇప్పుడు తొమ్మిదిలోనే ఉంది. ఈ రెండేళ్ళలో పిల్లల డాక్టరు ఎప్పుడు వెళ్ళినా ఒకటే చెప్పాడు: ఈ పిల్లకు ఆ జబ్బు రాకూడదు, టీకా వచ్చిన రోజునే వేయించండి.

కామేష్ ఆధార్ కార్డు తెచ్చాడు. చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. 10 జూన్ 2008. టీకాకు 2007లో గాని అంతకుముందు గాని పుట్టి ఉండాలి. కార్డు ప్రకారం మా పిల్లకు పదమూడు.

“ఆ స్కూలు గుమస్తా సోములు సేసిన పని,” అన్నాడు కామేష్.

అవునన్నాను.

28 డిసెంబరు

గౌతమి నవ్వుతూ అడిగింది, తాతయ్యా, నేను అసలు ఎప్పుడు పుట్టాను అని. జూన్ పదిన బళ్ళో చాక్లెట్లు పంచుతుంది. నవంబరు ఇరవై మూడున ఇంట్లో పాయసం తాగుతుంది. లెక్కల పుస్తకం తెమ్మన్నాను.

31 డిసెంబరు, శుక్రవారం

అసలు పుట్టిన పత్రం ఉంటే పని జరుగుతుందేమో అని కామేష్. హుద్‌హుద్ తుఫానులో పైకప్పు కారి బీరువా తడిసినప్పుడు అదీ ముద్దయిపోయిందని ఏడేళ్ళ కిందటే చెప్పాను. మళ్ళీ చెప్పాను. ఒక మనిషి ఒక సంగతి ఎన్నిసార్లు చెప్పాలి?

మా వార్డు సచివాలయంలో టీకాలు వేసే ఏఎన్ఎం విశాలి. ఉపేంద్ర కూతురు. ఉపేంద్ర, నేను ఒకే ఏడు మాస్టర్లుగా ఉద్యోగంలో చేరాం. పోయిన మే నెలలో కోవిడ్‌తో పోయాడు. నేను వెళ్ళలేదు. ఎవరూ వెళ్ళలేదు. కాబట్టి నేను వెళ్ళలేదని ఎవరికీ తెలియలేదు.

3 జనవరి 2022, సోమవారం

గౌతమి బళ్ళో పదో తరగతి వాళ్ళందరికీ టీకా వేశారు. తొమ్మిదో తరగతిలో కూడా నలుగురికి వేశారట, వాళ్ళ కార్డులు సరిగ్గా ఉన్నాయి కాబట్టి. గౌతమి కిటికీలోంచి చూసిందట. “నాకు భయం లేదు తాతయ్యా, సూదంటే,” అంది. నేనేమీ అడగకుండానే.

సాయంత్రం మందుల షాపుకు వెళ్ళి మంచి రకం మాస్కులు ఒక డబ్బా తెచ్చాను. ముక్కు మీద తీగను ఎలా నొక్కాలో, చేత్తో ముందు భాగం ఎందుకు ముట్టుకోకూడదో నేర్పాను. మహమ్మారుల చరిత్ర నేను చదివినంత ఈ పట్నంలో ఎవరూ చదివి ఉండరు. ప్రతిసారీ మనుషులు మొదట నవ్వారు, తరవాత దాక్కున్నారు. మాస్కు సరిగ్గా పెట్టుకుంటే చాలా వరకు చాలు. పేపర్లో కూడా రాశారు.

6 జనవరి, గురువారం

బళ్ళో తల్లిదండ్రుల సమావేశం. కామేష్‌కు షిఫ్టు, కోడలికి నడుం నొప్పి, అందుకని నేను వెళ్ళాను. చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు.

7 జనవరి

జరిగింది.

మొదట మాస్కుల గొడవ. బడి నడిపే మోహనకృష్ణ నా దగ్గర ఎనిమిదో తరగతి చదివాడు, వడ్డీ లెక్కలు ఒక్కటీ రాక. ఇప్పుడు కరస్పాండెంటు. సంక్రాంతి సెలవులయ్యాక పదిహేడున బడి తెరుస్తాం, మాస్కు లేనిదే గేటు దాటనివ్వం అన్నాడు. బియ్యం వ్యాపారి గిరిబాబు లేచాడు. ఆయన మాస్కు గడ్డం కింద ఉంటుంది, మెళ్ళో తాయెత్తులాగా. పిల్లలు మధ్యాన్నం అన్నం తినేటప్పుడు మాస్కు తియ్యరా, అప్పుడు జబ్బుకి కూడా బోజనం బెల్లు కొడతారా అని అడిగాడు. జనం నవ్వారు. ఒకావిడ, మాస్కులోంచి డిక్టేషను వినపడక తన కొడుకు అన్నీ తప్పులు రాస్తున్నాడంది. వెనక నుంచి ఎవరో, మీ వోడు మాస్కు లేనప్పుడేటి రాసీసేడు అన్నారు.

తరవాత టీకా. గిరిబాబే మళ్ళీ లేచి, ఆడపిల్లలకి సూది వేయిస్తే రేపు పిల్లలు పుట్టరని తన ఫోనుకు వచ్చిందన్నాడు. విశాలి వివరాలు చెప్పడానికి వచ్చి ఒక మూల కూచుంది. లేవకుండానే అంది: “బాబూ, నాకు రెండు డోసులయ్యాక రెండోది పుట్టింది. ఫోనుకి సెప్పండి.” ఆ తరవాత గిరిబాబు లేవలేదు. తండ్రి గొంతే. ఉపేంద్ర కూడా ఇలాగే గొంతు పెంచకుండా మనుషుల్ని కూచోబెట్టేవాడు. అది చూస్తే నాకు అప్పుడూ ఒళ్ళు మండేది.

అందరూ వెళ్ళాక నేను బల్ల దగ్గరికి వెళ్ళాను. మీ గుమస్తా తప్పు వల్ల నా మనవరాలికి టీకా పోయింది, రిజిస్టరు దిద్దండి అన్నాను. గట్టిగానే అన్నాను. మోహనకృష్ణ బీరువా తెరిచి 2013 దరఖాస్తుల కట్ట విప్పాడు. విశాలి అక్కడే సామాను సర్దుకుంటోంది.

“మాస్టారూ, ఇది మీ సేతిరాతే కదండి. జూన్ పది, రెండువేల ఎనిమిది. కింద సంతకం కూడా మీదే. సోములు ఏటి సేసాడు, మీరిచ్చింది ఎక్కించాడు,” అన్నాడు మోహనకృష్ణ.

నా చేతిరాత జిల్లాలో ఎవరైనా గుర్తుపడతారు.

విశాలి నా వైపు చూడలేదు. సంచీ జిప్పు వేసుకుంటూ చెప్పింది. పుట్టిన పత్రం, ఆ తేదీ ఎవరిచ్చారో వాళ్ళు రాసిన ఉత్తరం, రెండూ తెస్తే డాక్టరుగారికి చూపించి వేయిస్తాను, ఒక్కరోజు పని అంది.

ఒక్కరోజు పని. ఇంటికి వచ్చి, వీలుపడదన్నారని చెప్పాను.

9 జనవరి, ఆదివారం

గజపతినగరం ఆసుపత్రిలో పుట్టింది కాబట్టి అక్కడి ఆఫీసులో పత్రానికి నకలు దొరుకుతుందని కామేష్ కనుక్కున్నాడు. రేపే వెళ్తానన్నాడు. పండగ ముందు ఏ ఆఫీసులో ఎవడు ఉంటాడు, పదిహేడు తరవాత చూద్దాం అన్నాను. పైగా మార్చిలో పన్నెండేళ్ళ పిల్లలకు కూడా ఇస్తారని పేపర్లో ఉంది. అప్పుడు పదమూడైనా ఒకటే, పదిహేనైనా ఒకటే. కాస్త ఓపిక పడితే ఎవరూ ఏదీ దిద్దక్కర్లేదు. మాస్కు ఉంది.

భార్యాభర్తలు వంటింట్లో చాలాసేపు వాదించుకున్నారు. బడి మానిపిద్దామని ఆమె. ఇప్పటికే రెండేళ్ళు ఫోను చదువు చదివింది, ఇంకా ఎక్కడ మానిపిస్తామని వీడు. పిల్లను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

కేసులు మన రాష్ట్రంలో నిన్నటికంటే మళ్ళీ పెరిగాయి.

10 జనవరి

మాస్కు లేకపోతే వంద రూపాయల జరిమానా అట. గిరిబాబు ఇంటి ముందు నిలబడి ఆ వార్త చదివి వినిపించాను. తలుపు వేసుకున్నాడు.

11 జనవరి, మంగళవారం

ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. అయినా ఇందులో కూడా సోములు పేరు, తుఫాను పేరు రాస్తూ వచ్చాను. ఎవరి కోసం?

మా రోజుల్లో పుట్టిన తేదీ హెడ్మాస్టరు కలంలో ఉండేది. జూన్‌లో రైతు తన పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని తెచ్చేవాడు. ఎప్పుడు పుట్టాడంటే ఊడుపులప్పుడు అనేవాడు. ఏ ఏడు ఊడుపులు అంటే గేదె చచ్చిపోయిన ఏడు అనేవాడు. పిల్లవాడి కుడిచెయ్యి తల మీదుగా వేయించి ఎడమ చెవి అందితే ఐదు నిండాయని రాసుకునేవాళ్ళం. జూన్ నెలలో ఏదో ఒక తేదీ. కాస్త లోకం తెలిసిన తండ్రి అయితే, “రొండేళ్ళు తగ్గించి రాసీండి బాబూ, ఉద్యోగంలో కలిసొస్తాది,” అనేవాడు. తగ్గించేవాణ్ణి. ముప్పైమూడేళ్ళ సర్వీసులో ఎన్ని వందలమందికి పుట్టినరోజులు పంచానో లెక్క లేదు. అందులో ఒకడు డిప్యూటీ కలెక్టరు అయ్యాడు, ఇప్పటికీ జూన్‌లోనే కేకు కోస్తాడు. అది మోసమని ఎవరూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

ఒక్క ఉపేంద్ర విషయంలో తప్ప. 1998లో గజపతినగరం హైస్కూలు హెడ్మాస్టరు కుర్చీ నాకు రావాలి. ఆయనకు వచ్చింది. ఆయన వయసు మూడేళ్ళు తగ్గించి ఉందని నాకు తెలుసు, వాళ్ళ నాన్నే ఒకసారి నాతో అన్నాడు. పై అధికారులకు నాలుగు పేజీలు రాశాను. సమాజం, విలువలు, గురువు అనేవాడు, ఇలాంటి మాటలన్నీ అందులో ఉన్నాయి. మంచి వచనం. విచారణ జరిగింది. ఆయన్ని అప్పటికప్పుడు ఇంటికి పంపారు. ఆ కుర్చీ నాకే ఇచ్చారు.

పదిహేనేళ్ళ తరవాత గౌతమిని బళ్ళో చేర్చేటప్పుడు నేనే దరఖాస్తు నింపాను. ఆరున్నరేళ్ళ పిల్లను ఐదని రాశాను. రెండేళ్ళ సర్వీసు. తాత ఇచ్చే కానుక అనుకున్నాను. కాగితం మోహనకృష్ణ చేతికి ఇచ్చాక, మెట్లు దిగుతుంటే ఉపేంద్ర గుర్తొచ్చాడు. అందుకే ఇంట్లో గుమస్తా తప్పు అన్నాను. తరవాత తుఫాను వచ్చింది, అది కూడా పనికొచ్చింది.

పత్రం తడవలేదు. నా పుస్తకాల అలమరలో ఉంది. ఏ పుస్తకంలో ఉందో నాకు తెలుసు.

రేపు మోహనకృష్ణతో ఒంటరిగా మాట్లాడతాను.

12 జనవరి, బుధవారం

లైబ్రరీకని చెప్పి మోహనకృష్ణ ఇంటికి వెళ్ళాను. ఏసీ గది, తలుపులన్నీ వేసి ఉన్నాయి. గంట పైనే కూచున్నాను. టీ ఇచ్చాడు, ఇద్దరం మాస్కులు తీశాం. మళ్ళీ పెట్టుకోవడం మాటల్లో మరిచిపోయాం.

వాడు నన్ను ఇబ్బంది పెట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. మీ కాగితం తీసి పక్కన పెట్టేస్తాను మాస్టారూ, గుమస్తా పొరపాటని బడి తరఫున ఉత్తరం ఇస్తాను అన్నాడు. సోములు పని మానేసి రాయగడలో కూతురి దగ్గర ఉంటున్నాడట. “ఆడికేటి తెలుస్తాది, ఆడిని అడిగీవోడు ఎవడు,” అన్నాడు. సరేనన్నాను. బడి ముద్ర ఆఫీసులో ఉంది, పదిహేడున వస్తే ఇస్తానన్నాడు.

వాడు రెండుమూడుసార్లు దగ్గాడు. ఏసీ వల్ల.

15 జనవరి

గొంతు గరగర. పొద్దున్నే పెరట్లో మంచులో తిరిగాను, అందుకే.

16 జనవరి, ఆదివారం

తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మెసేజి వచ్చింది. కరస్పాండెంటుగారికి పాజిటివ్, ఈ వారంలో కలిసినవాళ్ళు పరీక్ష చేయించుకోవాలి. కామేష్ పైకి చదివాడు. చదివి నా వైపు చూశాడు.

“మీరు ఎల్లలేదు కదా నాన్నా?”

“నేనెందుకు వెళ్తాను,” అన్నాను.

కూచున్నది పది నిమిషాలు కూడా ఉండదు. నావి రెండు డోసులూ అయిపోయాయి. జ్వరం లేదు. పరీక్షకు వెళ్తే ఎక్కడికి వెళ్ళారని అడుగుతారు, ఎందుకు వెళ్ళారని అడుగుతారు.

ఇంట్లో కూడా మాస్కు పెట్టుకున్నాను, చలిగాలికి అని. గౌతమి నవ్వింది. సాయంత్రం మిరియాల పాలు తెచ్చి నా మంచం పక్కన కుర్చీ వేసుకుంది. నా కంట్లో పొర వచ్చినప్పటినుంచీ రోజూ ఆ పిల్లే నాకు పుస్తకం చదివి వినిపిస్తుంది. పంపెయ్యాలనుకున్నాను. అధ్యాయం సగంలో ఉంది. పాలు తాగడానికి మాస్కు తీశాను.

17 జనవరి, సోమవారం

బడి తెరిచారు. గౌతమికి నేనే మాస్కు పెట్టాను. తీగ నొక్కాను, అంచులు చూశాను, జడలో చిక్కుకున్న తాడు సర్దాను. ఎవరైనా మాస్కు లేకుండా దగ్గరికొస్తే పక్కకు వెళ్ళిపో అని చెప్పాను. సరే తాతయ్యా అంది. గేటు వరకూ వెళ్ళి వెనక్కి వచ్చి, సైకిలు మీద ఊపిరాడకపోతే తియ్యొచ్చా అని అడిగింది. తియ్యకు, సైకిలు ఆపు అన్నాను.

ఉత్తరం ఇవ్వడానికి మోహనకృష్ణ లేడు. పది రోజులదాకా రాడు.

18 జనవరి

దగ్గు తగ్గింది. అది మంచు వల్లే.

19 జనవరి, బుధవారం

గౌతమికి జ్వరం. నూటొకటి.

20 జనవరి

నూట రెండున్నర. పిల్ల పరీక్ష పాజిటివ్. కామేష్‌కూ కోడలికీ లేదు. దగ్గు తగ్గింది కదా అని నేను చేయించుకోలేదు. బళ్ళో ఎవరి దగ్గర అంటుకుందో అని ఆమె ఒక్కొక్క పిల్ల పేరూ తలుచుకుంటోంది. గిరిబాబు కూతురు పక్క బెంచీలో కూచుంటుందట, వాళ్ళెవరూ మాస్కు పెట్టుకోరు, వాళ్ళే అంటించారు అంది. నేను తల ఊపాను.

వేలికి తొడిగే ఆ చిన్న మిషను తొంభై నాలుగు చూపిస్తోంది. ఇన్‌హేలర్ గంటగంటకూ. గది గుమ్మంలో నిలబడి చూశాను. లోపలికి రావద్దు తాతయ్యా, మీకు అంటుతుంది అంది.

మీకు అంటుతుంది అంది.

21 జనవరి, శుక్రవారం. ఆసుపత్రి

పొద్దున్న తొంభై. ఆటోలో పెద్దాసుపత్రికి తెచ్చాం. కామేష్ నన్ను రావద్దన్నాడు. ఎక్కి కూచున్నాను.

బల్ల దగ్గర నర్సు ఆధార్ చూసి కాగితం మీద రాసుకుంది. పదమూడు. డాక్టరు చిన్నమ్మాయి, ముప్పై కూడా ఉండవు. గౌతమి గుండెల మీద స్టెతస్కోపు పెట్టి వింటూనే అడుగుతోంది. ఆయాసం ఎప్పటినుంచి, ఏ మందులు, టీకా పడిందా.

“లేదండి,” అన్నాడు కామేష్. “వయసు సాలలేదు.”

“చాలింది,” అన్నాను.

డాక్టరు తలెత్తింది. నేను ఆమెతోనే మాట్లాడాను. కొడుకు వైపు చూస్తే మాట వచ్చేది కాదు. ఈ పిల్లకు పదిహేనేళ్ళు. 2006 నవంబరు 23. ఆ కార్డులో ఉన్న తేదీ నేను రాయించింది, గుమస్తా కాదు. అసలు పత్రం నా అలమరలో ఉంది. పన్నెండో తేదీన పాజిటివ్ ఉన్న మనిషి ఇంట్లో గంటసేపు కూచుని వచ్చాను. నాకే ముందు దగ్గు వచ్చింది. పిల్ల నా మంచం పక్కన కూచుని చదివింది.

ఇంతే. ఇన్ని రోజులు దీనికే.

డాక్టరు నర్సు వైపు తిరిగి, పదిహేను అని దిద్దండి, తాతగారికి కూడా పరీక్ష చేయించండి అంది. ఆమెకు అది ఇంకొక వివరం మాత్రమే. గౌతమి మొహానికి ఆక్సిజన్ మాస్కు తగిలించారు. అది నేను సర్దక్కర్లేదు.

22 జనవరి

నాది పాజిటివ్. ఇంట్లో నా గదిలో ఉన్నాను. కోడలు ఆసుపత్రిలో పిల్ల దగ్గర. కామేష్ గుమ్మం బయట అన్నం పెట్టి, పత్రం ఏ పుస్తకంలో ఉందని అడిగాడు. చెప్పాను. బయట కుర్చీ వేసుకుని కూచున్నాడు. నేను పత్రం తలుపు కింద నుంచి తోశాను.

ఫోన్లో పిల్ల ఆక్సిజన్ చెప్తున్నారు. ఎనభై తొమ్మిది. తొంభై ఒకటి. తొంభై.

23 జనవరి

ఏడో తారీకున టీకా వేయించినా పంతొమ్మిదికి రక్షణ వచ్చి ఉండేది కాదు. రెండు డోసులూ పడి, ఆ పైన రెండు వారాలు గడవాలి. నేను చదివాను. ఈ మాట కామేష్‌కు చెబుదామని గుమ్మం దాకా వెళ్ళాను.

కాని ఏడున వేయించి ఉంటే పన్నెండున నేను ఆ ఇంటికి వెళ్ళేవాణ్ణి కాను.

వెనక్కి వచ్చి కూచున్నాను.

24 జనవరి

తొంభై ఒకటి.

25 జనవరి

దుర్గాభవాని ఫోను చేసింది. పిల్ల కొంచెం నయం, ఇడ్లీ తింది అని కామేష్‌కు చెప్పమంది. నాకే ఎందుకు చేసిందో అర్థం కాలేదు. ఫోను పెట్టెయ్యలేదు. తరవాత అంది:

“మావయ్యా, మీరు ఆ దినమే సెప్పుంటే మేం ఏటి సేసీవోళ్ళం? తిట్టీవోళ్ళం. ఒక పూట అన్నం దగ్గర మాటాడకుండా ఉండీవోళ్ళం. అంతే కదా. దానికి బయపడ్డారా?”

అవునన్నాను.

“నేను గిరిబాబుగారి పిల్లని తిట్టాను. ఆ పిల్ల మాస్కు తీనేలేదంట. గౌతమి సెప్పింది.”

పెట్టేసింది.

31 జనవరి, సోమవారం

ఇంటికి తెచ్చారు. తొంభై ఆరు. రెండు మెట్లెక్కి ఆగింది. గోడ పట్టుకుని నవ్వింది.

6 ఫిబ్రవరి

చదివి వినిపించడం లేదు. ఊపిరి చాలదని. నేనూ అడగలేదు. ఇవాళ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఎవరైనా వయసు అడిగితే ఏం చెప్పాలి తాతయ్యా అంది. కోపం లేదు ఆ గొంతులో. జవాబు కావాలి, అంతే. ముప్పైమూడేళ్ళు పిల్లలకు జవాబులు చెప్పినవాణ్ణి. ఆలోచించి చెబుతానన్నాను.

16 మార్చి, బుధవారం

పన్నెండు నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళకు ఇవాళ్టినుంచి టీకా. గౌతమికి ఇంకా వీల్లేదు. జబ్బు తగ్గాక మూడు నెలలు ఆగాలి.

2 మే, సోమవారం

మూడు నెలలయ్యాయి. ఎల్లుండి సచివాలయంలో వేస్తారు. కామేష్, కోడలు మళ్ళీ మాట్లాడుకున్నారు. ఈసారి నన్ను కూడా కూచోబెట్టారు. ఇప్పుడు ఏ తేదీ అయినా టీకా పడుతుంది కదా, కార్డులో ఉన్నట్టు పదమూడనే వేయించేద్దాం అన్నాడు కామేష్. వాడి ఉద్దేశం నన్ను కాపాడటమా, రెండేళ్ళ సర్వీసును కాపాడటమా తెలియలేదు. ఆ వయసుకు ఒక మందు, ఈ వయసుకు ఇంకొక మందు అట కదా, అని దుర్గాభవాని. పిల్ల ఒంట్లోకి ఎక్కేది పిల్ల వయసుకి తగ్గదే ఎక్కాలంది.

గౌతమిని పిలిచి అడిగాం. మొదటిసారి.

“నాకు పదిహేను,” అంది. “జూన్‌లో చాక్లెట్లు ఇంక పంచను.”

3 మే

విశాలి అడిగిన ఉత్తరం రాశాను. నాలుగు చిత్తుప్రతులు. మొదటిదాంట్లో మా రోజుల ఆచారం గురించి ఒక పేజీ ఉంది. రెండోదాంట్లో సగం పేజీ. మూడోదాంట్లో ఒక వాక్యం. అదీ కొట్టేశాను. మిగిలింది ఇది: నా మనవరాలు గౌతమి 2006 నవంబరు 23న పుట్టింది. 2013లో బడికి ఇచ్చిన దరఖాస్తులో 2008 జూన్ 10 అని తెలిసే తప్పుగా రాశాను. గుమస్తా సోములుకు ఇందులో ఏ సంబంధమూ లేదు. నా కొడుక్కీ కోడలికీ ఈ సంగతి తెలియదు.

నేను రాసినవాటిలో ఇంత చిన్నది ఇంకొకటి లేదు.

4 మే, బుధవారం

పది గంటలకు వెళ్ళాం, నేనూ కోడలూ పిల్లా. పది పదిహేనుమంది పిల్లలు బెంచీల మీద ఉన్నారు. సగంమందికి మాస్కులు లేవు. ఎవరినీ ఏమీ అనలేదు.

మా వంతు వచ్చింది. విశాలి బల్ల మీద టాబ్ ఉంది, పక్కన మంచుపెట్టె. రెండు రకాల మందూ అందులోనే ఉందట. ఆధార్ చూసింది.

“పదమూడు. ఆ బెంచీ మీద కూకోమ్మా.”

కోడలు నా వైపు చూడలేదు. గౌతమి చూసింది. కూచోలేదు.

ఈ క్షణంలో ఆ కాగితం ఎవరికీ అక్కర్లేదు. ఇవ్వకపోయినా టీకా పడుతుంది, ఎవరూ అడగరు. ఈ బల్ల దగ్గరికి రాకూడదనే కదా డిసెంబరు నుంచీ ఇంతా చేశాను. జేబులోంచి పత్రమూ ఉత్తరమూ తీసి ఆమె ముందు పెట్టాను.

విశాలి టాబ్ పక్కకు జరిపింది. ఉత్తరం చదివింది. నాలుగు వాక్యాలకు పట్టాల్సిన సేపటికంటే ఎక్కువసేపు చదివింది. మాస్కు మీద ఆ కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. మీ నాన్న గురించి ఒక మాట చెప్పాలమ్మా అన్నాను. ఇన్నేళ్ళలో ఆ పేరు ఎవరి దగ్గరా మర్యాదగా ఎత్తలేదు. ఇప్పుడూ పేరు రాలేదు, మీ నాన్న అని మాత్రమే వచ్చింది.

“ఇది పిల్లల లైను మాస్టారూ,” అంది. “అది ఇక్కడ వొద్దు. సాయంత్రం ఇంటికి రండి. మా యమ్మ ఉంటాది. అమ్మకి సెప్పండి.”

వెళ్తానన్నాను. రాస్తున్నాను కాబట్టి వెళ్ళాలి. ఇప్పుడు మూడున్నర అయింది. ఐదింటికి వెళ్తాను.

డాక్టరుగారికి ఫోనులో చెప్పి, టాబ్‌లో పదిహేను అని కొట్టి, ఉత్తరాన్ని మళ్ళీ తీసుకుని, కింద వేలు పెట్టి చూపించింది.

“సంతకం ఉన్నాది గాని, తేదీ ఎయ్యలేదు మాస్టారూ.”

పెన్ను ఇచ్చింది. తీసుకున్నాను. కాగితం మీద పెన్ను ఆనించాక నాకు ఏమీ తోచలేదు. రోజూ ఈ పుస్తకంలో తేదీ వేసేవాణ్ణి.

ఇవాళ ఎంతమ్మా అని అడిగాను.

గౌతమి చెప్పింది. చెప్పింది చెప్పినట్టు రాశాను.